ఎర్ర గుర్తుపోగు

మా కొట్టుకి వచ్చేవాళ్ళందరూ అడిగే మాట ఒక్కటే. "ఇది మాకు సరిపోతుందా?" అడిగేది నన్ను, చూసేది మాత్రం పక్కన ఉన్న పెద్ద మెషిన్ని. కంప్యూటర్లు అమ్ముకుని బతికేదాన్ని కాబట్టి, దేనికి వాడతారని నేను ఎదురు అడుగుతాను. ఉత్తరాలు రాసుకోవాలి, ఫోటోలు చూసుకోవాలి, మనవరాలితో మాట్లాడుకోవాలి అంటారు. అంతమాత్రానికి అద్దాల బీరువా కింది అరలో ఉన్న బుల్లి మెషిన్ చాలు. కానీ చాలు అన్న మాట ఎవరికీ నచ్చదు, మొహం చిన్నబుచ్చుకుంటారు. పై అరలోంచి కొండల్ని పిండి చేసే యంత్రం ఒకటి మోసుకుపోయి, దానిమీద ఫోటోలు చూసుకుంటారు. నాకు లాభమే అయినా ఒళ్ళు మండుతుంది.

మా చిన్నత్త ఒక్కతే ఆ మాట అడగలేదు. మా నాన్నకి చెల్లెలు. బట్టల మిల్లుకి డిజైన్లు గీస్తుంది. గళ్ళ కాగితం ముందేసుకుని, రంగు పెన్సిళ్ళతో ఒక్కో గడీ నింపుకుంటూ పోతుంది. అడ్డంగా ఒక వరస గళ్ళంటే మగ్గం మీద ఒక పోగు. ఇకమీదట కాగితాలు తీసుకోం, కంప్యూటర్లో గీసి పంపితేనే పని అని మిల్లువాళ్ళు చెప్పారట. మర్నాడే మా కొట్టుకి వచ్చి, కింది అర ముందు గొంతుక్కూర్చుని, బుల్లి మెషిన్ని వేలుపెట్టి చూపించింది.

"అది నీ పనికి చాలదత్తా," అన్నాను. "మహా బద్ధకం దానికి. ఒక పని చెప్తే మూలిగి మూలిగి లేస్తుంది."

"రంగు చెప్తే గళ్ళు నింపుతుందా?"

"నింపుతుంది. నువ్వు తల దువ్వుకుని జడేసుకునేసరికి."

"మరింకేం? నేనేమైనా రైలెక్కాలా?"

పై అరలోది ఇస్తాను, అసలు ధరకే ఇస్తాను అన్నాను. చిన్నత్త లేచి పైదాని దగ్గర చెవి పెట్టి విన్నది. లోపల ఫ్యాను బుయ్యిమంటోంది. కిందిదాని దగ్గర చెవి పెట్టింది. దానికి ఫ్యానే లేదు, కిక్కురుమనదు. "మీ మావయ్యకి చప్పుడు పడదే," అని కిందిదే సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

చప్పుడు పడని మనిషి కాడు మావయ్య. ఆయన మగ్గం చప్పుడు వీధి చివరికి వినపడేది. కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టాక అడ్డపోగు లాగే నాడె దారి తప్పసాగింది, నేత పాడయింది, చివరికి మగ్గాన్ని ఇంకెవరికో ఇచ్చేశారు. ముందుగదిలో నేల మీద దాని కాళ్ళ గుర్తులు మాత్రం మిగిలాయి. ఆనాటినుంచి మావయ్య కుర్చీని వీధివైపు తిప్పుకుని, గదికి వీపు పెట్టి కూర్చునేవాడు. అన్నం తిన్నావా అంటే ఆ అనేవాడు, తినకపోయినా ఆ అనేవాడు. రంగుల గురించిగానీ పోగుల గురించిగానీ ఎవరన్నా మాటెత్తితే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు.

చిన్నత్త సరిగ్గా ఆ మగ్గం కాళ్ళ గుర్తుల మధ్యే బల్ల వేసి మెషిన్ని పెట్టింది. మా కొట్టుకి సెలవైన రోజు నేను వెళ్ళి, మిల్లువాళ్ళిచ్చిన గళ్ళ ప్రోగ్రామ్‌ని అందులో పెట్టి నేర్పించాను. ఆమెకి తొందరగానే వచ్చింది, మెషిన్‌కే రాలేదు. గీసిన డిజైన్‌కి రంగులు నింపమని చెప్తే కాసేపు ఆలోచించేది. తర్వాత స్క్రీన్ అడుగు నుంచి ఒక వరస నింపేది. ఆగేది. దాని మీద ఇంకో వరస. అలా కిందినుంచి పైకి, మనసు పుట్టినప్పుడల్లా ఒక్కో మెట్టు ఎక్కుతూ పోయేది. ఈలోగా మరో పని చెప్పామా, అలిగి బిగుసుకుపోయేది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. చిన్నత్త మాత్రం చిక్కుళ్ళు ముందేసుకుని, ఈనెలు తీస్తూ చూస్తూ ఉండేది.

ఒక మధ్యాహ్నం బయట ఎండ మెత్తబడింది. కిటికీ కర్టెన్ లోపలికి ఉబ్బి, మళ్ళీ వాలిపోతోంది. నాకు కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి గదిలో ఏదో మారినట్టనిపించింది. మెషిన్ మీద దుప్పటి డిజైన్ ఒకటి నీలం మీద నీలంగా పైకి లేస్తోంది. మావయ్య కుర్చీ మావైపు తిరిగి ఉంది. ఆయన ముందుకు వంగి, రెప్పవేయకుండా స్క్రీన్‌ని చూస్తున్నాడు. ఒక్కో వరస పడినప్పుడల్లా ఆయన కుడికాలు నేలని మెల్లిగా తొక్కుతోంది. చిన్నత్త నా వైపు చూసి, మాట్లాడకు అన్నట్టు పెదవి మీద వేలు పెట్టింది. నేను ఊపిరి కూడా మెల్లిగా తీసుకున్నాను.

"ఆ అంచు దగ్గర నీలం ఎక్కువైంది," అన్నాడు మావయ్య.

"ఎక్కువైందా?" అంది చిన్నత్త చిక్కుడుకాయ మీదనుంచి కళ్ళెత్తకుండా.

"రెండు పోగులు తగ్గించు. కడుపులో తేలికవుతుంది."

బట్టకి కడుపుంటుందని నాకు ఆనాడే తెలిసింది. చిన్నత్త రెండు వరసలు తగ్గించి మళ్ళీ నింపమంది. బుల్లి మెషిన్ మళ్ళీ మొదటినుంచి ఎక్కడం మొదలుపెట్టింది. ముగ్గురం కూర్చుని చూశాం. నిజం చెప్పాలంటే, ఆ గదిలో ఆ ఎండలో అలా ఒక్కో వరసా లేస్తుంటే, నాక్కూడా లేవబుద్ధి కాలేదు. నిద్రలో ఉన్నామో మెలకువలో ఉన్నామో తెలియని హాయి అది.

అలా ఆయన రోజూ వచ్చి కూర్చునేవాడు. మాటలు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. రాత్రి మగ్గం కలలోకి వచ్చిందని, అడ్డంగా వేసే పేకలో దారానికి బదులు వాన పడుతోందని, ఎంత నేసినా గుడ్డ తడవలేదని పొద్దున్నే చెప్పేవాడట. చిన్నత్త ఆ కలలన్నీ నాకు ఫోన్ చేసి మరీ వినిపించేది. కొట్టులో బేరం వదిలేసి వినేదాన్ని.

అప్పుడు వచ్చింది పెద్ద పని. ఊళ్ళో కొత్తగా కట్టిన నాటకశాలకి తెర నేయాలి. సాయంత్రపు ఆకాశం, కింద ఏరు, ఇంటికి మళ్ళే పిట్టలు, చుట్టూ అంచంతా ఎర్రపూలు. చిన్నత్త జీవితంలో అంత పెద్దది గీయలేదు. మిల్లు మేనేజరు స్వయంగా వచ్చి బుల్లి మెషిన్ని చూసి నవ్వాడు. మంచివాడే, వెటకారం కాదు. "దీనిమీద ఇది తెరుచుకోదమ్మా," అని మిల్లు తరఫున ఒక పెద్ద మెషిన్ పంపించాడు. దాన్ని అమర్చింది నేనే. చాలా సంబరపడ్డాను కూడా. చిన్నత్త మీట నొక్కింది. బుయ్యిమంటూ ఆకాశం, ఏరు, పిట్టలు అన్నీ ఒక్కసారే స్క్రీన్ నిండా వచ్చి నిలబడ్డాయి.

మావయ్య అప్పుడే కుర్చీ లాక్కుని కూర్చోబోతున్నాడు.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది మావయ్యా! చూశావా ఎంత జోరో!" అన్నాను నేను.

ఆయన కుర్చీని ఎత్తుకెళ్ళి, మునుపటిలా వీధివైపు తిప్పుకుని కూర్చున్నాడు. చిన్నత్త ఆయన వీపు వైపు చూస్తూ ఉండిపోయింది. పని మాత్రం చకచకా సాగింది.

ఆ తర్వాత సెలవు రోజుకి నేను వెళ్ళేసరికి పెద్ద మెషిన్ గుమ్మం దగ్గర గుడ్డ కప్పుకుని ఉంది.

"దాన్ని తీసుకెళ్ళి వాళ్ళకిచ్చెయ్," అంది చిన్నత్త.

"నీకేమైనా పిచ్చా అత్తా? ఈ డిజైన్ని ఆ బుల్లిది మోయలేదు. చస్తుంది."

"తెరంతా ఒకేసారి ఎత్తమంటే చస్తుంది. మగ్గం మీద మాత్రం అంతా ఒకేసారి కనిపిస్తుందా? నేసింది నేసినట్టే కిందికి చుట్టుకుపోతుంది. కళ్ళముందు ఉండేది జానెడే. మీ మావయ్య బతుకంతా జానెడు జానెడుగానే నేశాడు. నేనూ అట్లాగే ముక్కలు చేసి గీస్తా."

"ముక్కలు అతక్కపోతే?"

"మేనేజరు కూడా అదే అడిగాడు. అతక్కపోతే నాకింకో డిజైన్ ఇవ్వొద్దని చెప్పా." గొంతు తగ్గించి, "పని పోతే ఇంకోటి చూసుకుంటానే. ఈయన మళ్ళీ అటు తిరిగి కూర్చుంటే నా వల్ల కాదు," అంది. ఆమె కళ్ళు నిండాయి. నేను గుడ్డ తీయకుండానే పెద్ద మెషిన్ని ఎత్తుకున్నాను.

ముక్కలతో పని మొదలైంది. కుర్చీ మళ్ళీ ఇటు తిరిగింది. మొదటి ముక్క అవగానే మావయ్య కంగారుపడ్డాడు. "ఆపేచోట గుర్తు వెయ్యవేం?" అన్నాడు. వాళ్ళ నాన్న దగ్గర నుంచి వచ్చిన అలవాటట. సాయంత్రం మగ్గం దిగేముందు ఎర్రపోగు ఒకటి అదనంగా వేసి దిగేవాడట. పొద్దున్నే దాన్ని లాగేసి, అక్కణ్ణుంచి నేత అందుకునేవాడట. సరేనని చిన్నత్త ముక్క ముక్కకీ చివర ఒక వరస ఎర్రగళ్ళు నింపేది. మర్నాడు అది చెరిపేసి, తర్వాతి ముక్క మొదలుపెట్టేది. ఆ చెరపడం మావయ్య చూసి ఊఁ అంటేనే పని ముందుకి కదిలేది.

ఒకరోజు పెద్ద వాన. ఆకాశం ముక్క గీస్తున్నారు. పిట్టల దగ్గరికి వచ్చేసరికి మావయ్యకి పాత సంగతేదో గుర్తొచ్చి తనలో తను నవ్వుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో చిన్నత్త గీసిచ్చిన కాగితాన్ని ఆయన తలకిందులుగా తగిలించుకుని, చిలకలన్నిటినీ కాళ్ళు పైకి పెట్టి నేసేశాడట.

"కాగితం మీద పైన ఏదో కింద ఏదో రాస్తే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు.

"చిలక్కి తలెక్కడుంటుందో కూడా రాయాలా?" అంది చిన్నత్త.

ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే గుర్తు వేసి ఆవేళ్టికి పని ఆపేశారు. మర్నాడు కూడా చిలకల కబుర్లతోనే మొదలైంది పని. వాన వెలిశాక ముక్కలన్నీ వరసగా అతికించి మిల్లుకి పంపారు. చక్కగా అతికాయి. మిల్లులో తెరని పొడుగాటి పట్టీలుగా నేసి, కలిపి కుట్టారు.

తెర కట్టిన తర్వాత మేనేజరు ఫోన్ చేశాడు. "ఒకసారి నాటకశాలకి రండమ్మా," అన్నాడంతే. ఆ గొంతు విని చిన్నత్త చీర కూడా మార్చుకోలేదు. ఎప్పటినుంచో గడప దాటని మావయ్య, "నేనూ వస్తా," అని చెప్పులు వెతుక్కున్నాడు.

నాటకశాల తలుపులు తీసి ఉన్నాయి. పగటి వెలుగు లోపలిదాకా పడుతోంది. తెర నిండా సాయంత్రం. ఏరు నిజంగానే కదులుతున్నట్టుంది. మధ్య పట్టీలో, ఛాతీ ఎత్తున, ఆ ఆకాశానికి అడ్డంగా సన్నటి ఎర్రగీత. ఎవరో గోటితో గీరినట్టుంది.

"రేపే మొదటి నాటకం," అన్నాడు మేనేజరు. "మళ్ళీ నేయడానికి వ్యవధి లేదు. డిజైన్లో ఉన్నదే మెషిన్ నేసింది. దానికేం తెలుసు? నాకు మాత్రం పైవాళ్ళకి ఏం చెప్పాలో తోచట్లేదమ్మా."

చిన్నత్త మొహం తెల్లబోయింది. "నాదే తప్పు. వానరోజు వేసిన గుర్తు... తీయడం మర్చిపోయాం," అంది. ఆ బుల్లి మెషిన్ని అమ్మినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

మావయ్య తెర దగ్గరకి వెళ్ళాడు. వెనక్కి తిప్పి చూశాడు. ఎర్రపోగుని వేలితో తడిమాడు.

"అదనపు పోగే కదా. తీసెయ్యడమే," అన్నాడు. "సూదుందా?"

సూది వచ్చింది. ఆయన చెయ్యి వణుకుతోంది. సూదిమొన పోగు మీద నిలవలేదు. మేనేజరు ఆపబోయి, ఆగాడు. చిన్నత్త వెళ్ళి ఆయన వెనక నిలబడి, ఆ మణికట్టుని తన రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. సూది నిలిచింది. జానెడు మేర పోగు పైకి లేచింది. కత్తిరించి లాగాడు. ఖాళీ అయిన చోట గోటితో అటూ ఇటూ రుద్దాడు. అటుపక్క పోగూ ఇటుపక్క పోగూ దగ్గరకి జరిగి, ఆకాశం మూసుకుంది. మళ్ళీ జానెడు. నేను తెర బరువు చేతుల్లోకి ఎత్తిపట్టుకున్నాను. మేనేజరు చొక్కా చేతులు మడుచుకుని రెండో వైపు పట్టుకున్నాడు. జానెడు తర్వాత జానెడుగా ఎర్రగీత తగ్గిపోతూ ఉంటే, బల్ల ముందు కూర్చుని వరసలు చూసినట్టే చూస్తూ ఉండిపోయాను. నాకు ఏడుపొచ్చింది. చేతులు ఖాళీ లేక తుడుచుకోలేదు.

చివరి దారం ముక్క లాగేసరికి గుమ్మంలో ఎండ తెరమీదున్న రంగులోకి వచ్చింది. మేనేజరు దూరంగా వెళ్ళి చూశాడు, దగ్గరకొచ్చి చూశాడు.

"వచ్చే డిజైన్ వివరాలు సోమవారం పంపుతానమ్మా," అన్నాడు. "పెద్ద మెషిన్ కావాలంటే దాన్నీ పంపుతాను."

"వద్దు బాబూ. ఉన్నది సరిపోతుంది," అంది చిన్నత్త.

మావయ్య ఎర్రదారం ముక్కల్ని జేబులో వేసుకుంటూ ఆమె వైపు తిరిగాడు.

"గుర్తు తీసేశాం. మరి రేపెక్కడ మొదలెడదాం?"

"ఇంటికెళ్ళి చూద్దాం. అది తెరుచుకోవడానికే బోలెడు టైం పడుతుంది."

"పట్టనీ," అన్నాడు మావయ్య.