ఇరవై కిలోల బురద

ఇరవై కిలోల బురదను పద్దెనిమిదేళ్లుగా మోస్తున్నాను. దించుకునే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మండపేట దగ్గర ఒక రైసు మిల్లులో కాటా గుమస్తాగా చేసి రిటైరయ్యాను. రోజూ డైరీ రాసే అలవాటు. ఆ రోజుల్లో మా వైపు ఏటా కాలవ గట్ల మీద కార్ల ర్యాలీ జరిగేది. పరుగు ముగిశాక కారు నిర్ణయించిన బరువుకు తగ్గకూడదని నిబంధన. తూచడానికి మా మిల్లు లారీ కాటాయే దిక్కు. తూచేది నేను.

ఆ ఏడు సత్తిబాబు మొదట వచ్చాడు. రామచంద్రపురంలో ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్. పాత కారు కొని, తానే విప్పి, తానే బిగించుకున్నాడు. రెండో స్థానం కార్ల కంపెనీ జట్టుది. ర్యాలీ నిబంధనలు మారబోతున్నాయని, కంపెనీ పోటీలో ఉంటుందో పోతుందో తెలియదని అప్పటికే అందరూ అనుకుంటున్నారు. నిర్వాహకుడు కాటా గదిలోకి వచ్చి, కంపెనీ గెలవకపోతే వచ్చే ఏడాది ర్యాలీయే ఉండదన్నాడు. నన్నేమీ చేయమనలేదు. ఆ ఒక్క మాట అనేసి వెళ్లిపోయాడు.

రెండు కార్లూ నిలువెల్లా బురదే. సత్తిబాబు కారు హద్దుకు పదిహేను కిలోలు ఎక్కువ తూగింది. ధాన్యానికి మట్టీ తాలూ కింద తరుగు తీయడం మిల్లులో మామూలు. అలాగే బురదకని ఇరవై కిలోలు తీసేశాను. అయిదు కిలోలు తక్కువైంది. కారుకు తరుగు తీయమని నిబంధనల్లో లేదు. తీయకూడదనీ లేదు. కంపెనీ కారు పది కిలోలే ఎక్కువ తూగింది. దానికి తీయలేదు. సత్తిబాబు అనర్హుడై, గెలుపు కంపెనీకి పోయింది.

ఎందుకు? ర్యాలీ బతకాలనా? లేక ఏడాదికొక్క రోజు అంతమంది నా తూకం చీటీ కోసం ఎదురుచూడటం పోతుందనే భయమా? రెండోదే అయ్యుంటుందని ఇప్పుడు, మాట్లాడే మనిషి లేని ఈ ఇంట్లో, అనిపిస్తోంది.

సత్తిబాబు చీటీ చూశాడు.

"ఏంటండీ గుమస్తా గారూ, నా బండిని ధాన్యం బస్తా అనుకున్నారా?"

"బురద బరువు బండిది కాదు కదయ్యా."

"మరి ఆళ్ల కారు గోదాట్లో తానం చేసొచ్చిందాండీ?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. అతను మాత్రం చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరేలెండి. మీరు తూచారంటే ఇంక మాటేముంది?"

ఆ మాటే నన్ను వదల్లేదు. తిట్టి ఉంటే మరచిపోయేవాణ్ణేమో.

మరుసటి ఏడు కొత్త నిబంధనలు నచ్చలేదని కంపెనీ రానేలేదు. ర్యాలీ ఆగిపోయింది. సత్తిబాబు కారు అమ్మేశాడు. ఇప్పటికీ రామచంద్రపురంలో తన షెడ్డులోనే ట్రాక్టర్లు విప్పుతున్నాడు. బస్సు అటు వెళ్లేటప్పుడు నేను రెండో వైపు చూస్తాను. నా భార్యకు కూడా చెప్పలేదు. ఆమె ఇప్పుడు లేదు.

ఈ ఉదయం పేపర్లో చదివాను. పెద్ద ర్యాలీలకు మళ్లీ నిబంధనలు మారుస్తున్నారట, ఏ కంపెనీ నిలుస్తుందో తెలియదట. ఎక్కడో ఏదో కాటా గదిలోకి ఎవరో వచ్చి, ఏమీ చేయమనకుండా వెళ్లిపోతున్నారేమో.

ఆనాటి డైరీ తీశాను. రెండు కార్ల బరువులూ ఉన్నాయి. తరుగు ఊసు లేదు. అంటే ఆ రోజే నిజం రాశాను, ఎవరూ చదవని చోట. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించే హక్కు మీది కాదు, ఆ హక్కున్నవాణ్ణి అడిగే ముఖం నాకు లేదు. ఆ అంకెల కింద ఈ రోజు రెండు వాక్యాలు చేర్చాను. అవే మీకూ రాస్తున్నాను.

బురద ఇద్దరిదీ ఒకటే. గెలిచింది సత్తిబాబు.