కొండచిలువకు ఇల్లు కుదిర్చిన శ్రావణం

భూభారమంతా పడగలపై మోసే ఆదిశేషునికి నమస్కరించి, ఈ రాతలోని నా విసుగును కూడా ఆ భారంలోనే కలుపుకొమ్మని వేడుకొని మొదలుపెడుతున్నాను. శ్రీ విశ్వావసు నామ సంవత్సరం, శ్రావణ శుద్ధ విదియ, శనివారం. ఆనాడు చంద్రపూర్‌లోని మా ఇంటికి ఒక కొండచిలువ వచ్చింది.

తెచ్చింది నా మనుమరాలు. సిమెంటు కర్మాగారంలో ఇంజనీరు. నాగ్‌పూర్‌లో ఇటువంటివాటిని పెంచే ఒకాయన దగ్గర, కావలసిన కాగితాలన్నీ రాయించుకొని తెచ్చింది. బాల్ పైథాన్ అంటారట. ఆఫ్రికా జాతి, విషం లేదు, మూరన్నర పొడవు. భయం కలిగితే తల లోపల దాచుకొని బంతిలా చుట్టుకుంటుంది.

పాముకంటె ముందే దాని గృహం వచ్చింది. నాలుగడుగుల చెక్కపెట్టె, ముందువైపు జరిపే అద్దం తలుపులు, లోపల కొబ్బరిపొట్టు పరుపు, స్నానానికీ పానానికీ ఒకటే వెడల్పు పాత్ర. ఒక కొసన అడుగున వేడినిచ్చే పట్టా, దాన్ని అదుపు చేయడానికి థర్మోస్టాట్. ఆ కొసన ముప్పైరెండు డిగ్రీలు, ఈ కొసన ఇరవయ్యారు. గాలిలో తేమ ఇంత అని చెప్పడానికి వేరొక యంత్రం. వేసవిలో మనుషులను పిడకల్లా ఎండబెట్టే ఈ ఊళ్లో ఒక ప్రాణికి వేడి చాలదేమోనని బెంగపడేవారిని నేను అంతవరకు చూడలేదు. మనుమరాలు రెండు కొసలా ఒక్కొక్క మట్టిచట్టి బోర్లించి, అంచున చిన్న ద్వారం కొట్టింది. పాము పగలంతా ఆ చీకట్లో ఒదిగి ఉండాలట. విశాలమైన పెట్టె చేయించి, మళ్లీ అందులో ఇరుకు కల్పించడమేమిటని అడిగాను.

"ఇరుకుల ఉంటెనే దానికి ధైర్యం తాతా. నువ్వు చట్టి మాత్రం ముట్టకు" అంది.

అసలు చిక్కు నా కోడలితో వచ్చింది. పాము ఆహారం, గడ్డకట్టించిన చిట్టెలుకలు, ఆమె ఫ్రిజ్‌లో చేరాయి.

"నా కొత్తిమీర పక్కన ఎలుకలేందే?" అని ఆమె కేకవేసింది. "వినాయక చవితి దాకా చూస్త. గప్పటికి అది తినుడు మొదలువెట్టకుంటె నాగ్‌పూర్‌కు వాపస్. పండుగనాడు స్వామి వాహనాన్ని ఫ్రిజ్‌ల వెట్టి, బయట ఉండ్రాళ్లు చెయ్యాల్నా నేను?"

"తింటదమ్మా. ఇల్లు మంచిగ కుదిరితె తింటది" అంది మనుమరాలు.

తినలేదు. వారానికొకసారి ఎలుకను కరిగించి, వెచ్చజేసి, పొడవాటి పట్టకారుతో అందించేది. పాము బంతిలా చుట్టుకొనేది. వేడి ఎక్కువైందేమోనని ఒక డిగ్రీ తగ్గించింది. పెట్టె ఎత్తించి వేరే గోడకు చేర్చింది. పొట్టు తడిపింది, మళ్లీ ఆరబెట్టింది. ప్రతి ఆదివారం పెట్టెనంతా విప్పడం, నేను టార్చి పట్టుకొని నిలబడడం, ఆమె వైర్లన్నీ తిరిగి బిగించడం. నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా ఇంట్లో ఇన్నిసార్లు డిగ్రీలు చూసినవారు లేరు.

ఆమె ఎరుగనిది, నేనెరిగినది ఒకటుంది.

పాము వచ్చిన మూడు రోజులకే నాగపంచమి. వెనుకవీధి ఇల్లాలు పసుపు, కుంకుమ, పాలు పట్టుకొని వచ్చింది. పాలు వద్దన్నాను. గ్లాసు గడపమీద పెట్టి లోపలికి వచ్చి, అద్దం ముందు నిలబడి, "పామేదయ్యా? చట్టే గదా కనవడ్తుంది! చట్టికి దండం పెట్టనా?" అంది.

శ్రావణమాసం. పంచమినాడు గడప దాకా వచ్చిన ముత్తయిదువను చట్టికి మొక్కి పొమ్మని ఎలా చెప్పను? అద్దం జరిపి చట్టి లేపాను.

ఆ పూటనుంచే జనం వరుసకట్టారు. సాస్తి బొగ్గుగనిలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నా క్రైస్తవ మిత్రుడు కూడా భార్యతో వచ్చాడు. "మేం దండం పెట్టం సారూ, చూసుడుకేమైంది! లేపున్రి, లేపున్రి" అన్నాడు. లేపాను. మనుమరాలు పనికి వెళ్లగానే మొదలయ్యేది, ఆమె వచ్చే వేళకు ముగిసేది. ఎవరికి కాదనగలను? పైగా, దాచడమెందుకు, నాలుగు నాగస్తోత్రాలు చెప్పి, వినేవారి ఎదుట చట్టి ఎత్తడం నాకు రుచించింది. వచ్చినవారిమీద విసుక్కుంటూనే రాని రోజున వాకిలివైపు చూశాను.

శ్రావణ బహుళ ఏకాదశినాడు మనుమరాలు పని నుంచి వచ్చి పెట్టె ముందు నేలమీద కూర్చుంది. "నాకు చేతగాలే తాతా. అన్ని సరిగ్గనే ఉన్నయ్. నేనే ఏదో తప్పు చేస్తున్న. రేపు ఫోన్ జేసి తీస్కపొమ్మంట" అంది.

"తప్పు నీది కాదు బిడ్డా. నేను చట్టి లేపిన" అన్నాను.

"ఎన్నిసార్లు?"

"దినాం నాలుగైదుసార్లు. పంచమినాడు ఇంకా ఎక్కువ."

 "నేను వైర్లు పీకి మళ్ల పెడ్తుంటె పక్కన టార్చి పట్టుకొని నిలవడ్డవ్ గదా తాతా! అప్పుడన్న చెప్పకపోతివి!"

 

ఆమె అద్దానికి నల్లగుడ్డ కట్టింది. తలుపుకు తాళం వేసి తాళంచెవి నా చేతికే ఇచ్చింది. అది నన్ను నమ్మడమో, శిక్షించడమో ఇప్పటికీ తెలియదు. మరునాడు వీధి చివరి ఇంటి దంపతులు వచ్చారు. గుమ్మంలోనే నిలబెట్టి, చూపించడం లేదని చెప్పాను.

"ఏంది పెద్దాయనా, మొన్న మా తోడికోడలికి చూపెట్టినవ్ గదా! మేమేం పాపం జేసినం?" అని ఆవిడ మొహం ముడుచుకొని వెళ్లిపోయింది. వారంలో ఏడుగురితో మాట పోగొట్టుకున్నాను. జీవితంలో అతిథిని వెనక్కు పంపడం నేర్చుకున్నది ఆ వారంలోనే. బాగా చేయడం మాత్రం రాలేదు.

భాద్రపద శుద్ధ తదియ, మంగళవారం, చవితికి ఒక్కరోజు ముందు, సాయంకాలం దీపాల వేళ పాము ఒక ఎలుకను తిన్నది. మిగిలిన ఎలుకలను నా కోడలు ఆ రాత్రే పక్కింటివారి ఫ్రిజ్‌కు పంపి, పండుగ దాటాక, పంచమినాడు తిరిగి తెచ్చుకుంది.