గొలుసు పట్టే లీలండ్

శనివారం వచ్చిందంటే లీలండ్ కుచెరాకి కాళ్ళు నేల మీద ఆనవు. మిగతా రోజుల్లో ఆయన మా ఊరి ధాన్యం గోదాములో మొక్కజొన్న లారీలు తూకం వేస్తాడు, అడిగితేనే మాట్లాడతాడు, తొమ్మిదింటికల్లా పడుకుంటాడు. శనివారం మాత్రం తెల్ల చొక్కా తొడుక్కుని కాలేజీ మైదానం అంచున నిలబడతాడు. ముప్ఫై నాలుగేళ్ళుగా అదే వరస.

మా నెబ్రాస్కాలో కోలబంతి చంకన పెట్టుకుని పరిగెత్తే ఫుట్‌బాల్ అంటే ప్రాణాలిచ్చేస్తారు గాని, లీలండ్ చేసే పని వైపు ఒక్కడైనా కన్నెత్తి చూడడు. బంతి పట్టిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోలేకపోతే బంతి అవతలివాళ్ళది. ఆ పది గజాలకి గుర్తుగా అంచున రెండు కర్రలు, వాటి మధ్య గొలుసు. కర్రలు పట్టుకోవడానికి ఎర్విన్, ఇంకొకాయన ఉన్నారు. లీలండ్ పని ఇంకా చిన్నది. మైదానానికి అడ్డంగా గీసిన తెల్లగీతల్లో దగ్గర్లో ఉన్నదానికి సరిగ్గా ఎదురుగా గొలుసుకి ఒక క్లిప్పు తగిలించాలి. అనుమానం వచ్చి కొలవాల్సి వస్తే, ఆ క్లిప్పుని మైదానం లోపల అదే గీత మీద ఆనించి గొలుసు లాగుతారు. క్లిప్పు ఎక్కడుంటే న్యాయం అక్కడున్నట్టు. ఇంకో నియమం కూడా ఉంది: గొలుసు పట్టినవాడు ఎవరి పక్షమూ కాకూడదు, చప్పట్లు కొట్టకూడదు. ఇన్నేళ్ళలో ఎన్ని కేకలు గొంతులోనే నొక్కేసుకున్నాడో ఆ మహానుభావుడికే తెలియాలి.

మార్చిలో కొత్త కోచ్ వచ్చాడు. డెషాన్ ప్రూయిట్, లూసియానా మనిషి. పద్దెనిమిదేళ్ళు ఎవరెవరి చేతి కిందో పనిచేసి, మొదటిసారి సొంతంగా ఒక జట్టు దక్కించుకున్నవాడు. దక్కింది ఏం జట్టనుకున్నారు! ముందటేడు పదింట్లో ఒక్కటంటే ఒక్కటి గెలిచిన జట్టు. పైగా కాలేజీ పెద్దలు ఆగస్టులో కుండబద్దలు కొట్టేశారు: ఈ ఏడు ఆరు గెలవకపోతే ఫుట్‌బాల్ ఎత్తేస్తాం. ఆ మాట విన్న రోజు లీలండ్ తూకం చీటీలన్నిటి మీదా తప్పు తేదీ వేశాడు. ఎత్తేస్తే ఇక శనివారాలు ఏం చేసుకోవాలి? ఇంట్లో కూర్చుని గోడలు చూడాలా?

మొదటి ఆట రోజున ప్రూయిట్ నేరుగా గొలుసు దగ్గరికే వచ్చాడు.

"లీలండ్ గారూ, మీరు నిల్చునే చోటు నుంచి మనవాళ్ళ ఆట ఎలా కనిపిస్తుందండీ?"

మా ఊళ్ళో లీలండ్‌ని 'గారు' అన్న పాపాన ఎవరూ పోలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"కాళ్ళు కనిపిస్తాయి బాబూ. బంతి కదలకముందే మన కుర్రాళ్ళ మడమలు లేస్తాయి. ఎటు పోతారో అవతలివాళ్ళకి ముందే తెలిసిపోతుంది."

"మా నాయనే! ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు."

పక్కనున్న ఎర్విన్ పగలబడి నవ్వాడు. "ఒరేయ్ లీలండ్, ఇక కోచ్ పదవి నీదేరా! నాకు మంచి సీటు చూడు."

ఆ వారం నుంచి మడమలు లేవలేదు. జట్టు గెలవడం మొదలుపెట్టింది. ఓడింది, మళ్ళీ గెలిచింది. ఆ శరదృతువంతా లీలండ్‌కి కలలో నడిచినట్టే గడిచింది. చుట్టుపక్కల పొలాల్లో కోత యంత్రాలు లేపిన దుమ్ము సాయంత్రపు ఎండలో బంగారు రంగులో తేలుతూ మైదానం మీదికి వచ్చేది. కాలేజీ బాజాల మోత ఎక్కడో నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించేది. కుర్రాళ్ళు ఆ దుమ్ములోంచి పరిగెత్తుకొస్తుంటే వాళ్ళకి బరువే లేదేమో అనిపించేది. భార్య ఆర్లిస్ మైదానం పక్కనే తినుబండారాల కొట్లో మాంసం, చిక్కుళ్ళు ఉడికించిన చిల్లీ గిన్నెలు, దాల్చినచెక్క రొట్టెలు అందిస్తూ అక్కణ్ణుంచే ఈయన్ని ఓ కంట కనిపెడుతూ ఉండేది. "నవ్వుతున్నావయ్యా, నవ్వకూడదుగా!" అని ఇంటికెళ్ళాక ఏడిపించేది.

ఐదు గెలిచారు, నాలుగు ఓడారు. నవంబరులో ఆఖరి ఆట మిగిలింది.

ఆట చివరి నిమిషానికి మావాళ్ళు మూడు పాయింట్లు వెనకబడి ఉన్నారు. బంతి మాత్రం మావాళ్ళదే. నాలుగో ప్రయత్నంలో ట్రెవిన్ అనే కుర్రాడు బంతిని కడుపులో దాచుకుని అంచు వెంబడే దూసుకొచ్చి, నలుగురి కింద పడ్డాడు. చేరాడా లేదా? కొలవమన్నాడు రిఫరీ.

క్లిప్పు పట్టుకుని గొలుసు లేపబోతూ లీలండ్ గీత వైపు చూశాడు. గీతకి ఎదురుగా ఉండాల్సిన క్లిప్పు జానెడు ముందుకి ఉంది. ఇందాక గొలుసు పరిచినప్పుడు, దుమ్ములో కుర్రాళ్ళని అలా కళ్ళప్పగించి చూస్తూ చేతికి దొరికిన చోట తగిలించేశాడు! ముప్ఫై నాలుగేళ్ళలో ఏనాడూ చెయ్యని పని. దాన్ని లోపల గీత మీద ఆనిస్తే గొలుసంతా జానెడు వెనక్కొస్తుంది, ఆ జానెడూ మావాళ్ళకే లాభం. ఎవరూ చూడలేదు.

నడిచాడు. లోపల మోకాళ్ళ మీద కూర్చుని గీత మీద క్లిప్పు ఆనించాడు. ఎర్విన్ కర్ర లాగి నిలబెట్టాడు. బంతి ముక్కు కర్రని రెండు వేళ్ళ మందం దాటింది. మైదానం దద్దరిల్లిపోయింది. ఆర్లిస్ గరిటె పట్టుకుని కొట్టు బయటికి పరిగెత్తుకొచ్చింది.

లీలండ్ మోకాళ్ళ మీద నుంచి లేవలేదు. రిఫరీ ప్యాంటు పట్టుకుని లాగాడు.

"అయ్యా, క్లిప్పు తప్పు పెట్టాను. జానెడు తేడా. గొలుసు ముందుకి జరపండి."

"ఏమిట్రా అది, నీకేమైనా పిచ్చా?" ఎర్విన్ పళ్ళ బిగువున అన్నాడు.

జరిపారు. బంతి చేరలేదు. అవతలివాళ్ళు బంతి తీసుకుని మిగిలిన క్షణాలు హాయిగా కరిగించేశారు. ఆరో గెలుపు దక్కలేదు. వాళ్ళ కోసం కూడా గొలుసు పరిచి, క్లిప్పు గీత మీద సరిగ్గా తగిలించింది లీలండే.

జనం వెళ్ళిపోయాక ప్రూయిట్ వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీ మీద నాకు చాలా కోపంగా ఉందండీ. అబద్ధమెందుకు, పదేళ్ళయినా తగ్గదేమో. ఆ ముసలాయన ఎందుకలా చేశాడని లోపల కుర్రాళ్ళు అడుగుతున్నారు. మీరే వచ్చి చెప్పండి."

జట్టు గదిలో చెమట వాసన, మోకాళ్ళ దాకా మట్టి, నలభై జతల కళ్ళు. లీలండ్ టోపీ తీసి చేత్తో నలిపాడు.

"తప్పు నాది. మీ ఆట మీద నాకెంత..." అని ఆగిపోయాడు. "చేజేతులా పాడుచేశాను. క్షమించండి నాయనా."

చివరి బల్ల మీద కూర్చున్న ట్రెవిన్ మెల్లగా లేచాడు.

"లీలండ్ గారూ, నేను పడ్డప్పుడే చూశానండీ. కర్ర నాకంటే ముందుంది. చేరలేదని నాకు తెలుసు." వాడు చేతిలోని హెల్మెట్ బల్ల మీద పెట్టాడు. "మీరు గొలుసు తెస్తున్నంతసేపూ, దేవుడా, ఎవరూ కనిపెట్టకూడదు అని మొక్కుకున్నాను."

"నేనూ అదే మొక్కుకున్నాను బాబూ," అన్నాడు లీలండ్. ఆ మాట అనేసరికి ఆయనకి ఏడుపు ఆగలేదు.