లోపలి తలుపు మీది బొట్లు

పెళ్లి పందిట్లో అందరూ నవ్వుతుండగా నేను ఒక బీరువాకు తాళం వేశాను. తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని, అది మగపెళ్లివారి దగ్గర ఉందని ఒక ముసలావిడతో చెప్పాను. చిన్న అబద్ధమే. ఏళ్లుగా మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

అప్పుడు జగిత్యాలలో ఉండేవాళ్లం. నేను పత్రికలో, డెస్కు మీద వార్తలు దిద్దేవాణ్ని. మా బిడ్డకు సిరిసిల్ల సంబంధం కుదిరింది. సామాను మాట రాగానే అది తేల్చి చెప్పింది. "బాపూ, కొత్తయి వద్దు. పాతయి తెచ్చి మనమే పాలిష్ పెట్టుకుందాం. గా పైసలతోని అచ్చినోళ్లందరికి కడుపు నిండ బువ్వ పెడుదాం." కాబోయే అల్లుడిదీ అదే మాట. అతను మరమగ్గాల మెకానిక్కు. సెలవు దొరికితే చాలు, బస్సెక్కి వచ్చి సాండ్ పేపర్ పట్టుకుని కూర్చునేవాడు. ఆ ఎండాకాలం మా వాకిలి నిండా చెక్కపొడి, పాలిష్ వాసన, నవ్వులు. చాయ్ తెచ్చిన నా భార్య అల్లుడిని చూసి, "ఏం అల్లుడా, నలుగు గిప్పుడే పెట్టుకున్నవా?" అనేది. మొహం నిండా పొడితో అతను ఇంకా గట్టిగా రుద్దేవాడు.

బీరువా కోసం ముత్యంపేటకు ఒక్కణ్నే వెళ్లాను. లచ్చవ్వ అనే ఆవిడ కోరుట్లలో కొడుకు ఇంటికి మారుతోంది. అక్కడి మెట్లు ఇరుకు, బీరువా ఎక్కదు. మంచి టేకు. ఆమె తలుపు తెరిచి లోపలి వైపు చూపించింది. పసుపు మీద కుంకుమ బొట్లు, జంటలు జంటలుగా. భర్త దుబాయికి బయలుదేరిన ప్రతిసారీ ఒక బొట్టు పెట్టేదట. తిరిగి ఇల్లు చేరిన రోజు దాని పక్కన ఇంకొకటి. ఆఖరికి ఆయన ఇంట్లోనే, ఆమె చేతి నీళ్లు తాగి కన్నుమూశాడు.

"ఒంటి బొట్టు ఒక్కటన్న ఉన్నదా సూడు," అంది గర్వంగా. "బయట ఎట్లన్న గీకు కొడుకా. గీ లోపట మాత్రం ముట్టకు."

ముట్టనన్నాను. పెళ్లికి రమ్మని కూడా పిలిచాను. ఎక్కువ ఇస్తానన్న పాత సామాను దుకాణదారుడిని కాదని, ఆ మాట మీదే ఆమె బీరువా నాకిచ్చింది.

ఇంటికొచ్చి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? అది గుర్తుపెట్టుకోవడానికి నేనొక్కణ్ని చాలనుకున్నానా?

బయటి వైపు పాలిష్ అద్భుతంగా వచ్చింది. వీధిలోవాళ్లు ఆగి చూసేవారు. నాకు మత్తెక్కింది. ఓ మధ్యాహ్నం మిగతావాళ్లు బట్టలు కొనడానికి వెళ్లారు. తలుపు తెరిస్తే లోపలి వైపు మాసిపోయినట్టు కనిపించింది. కింది మూలన నూనె మరక, అదొక్కటే తీద్దామనుకున్నాను. మరక పోయిన చోట చెక్క బంగారంలా తేలింది. చెయ్యి ఆగలేదు. ఇతరులు రాసినదాంట్లో నాకు అనవసరం అనిపించినదాన్ని కొట్టేయడమే ఇన్నేళ్ల నా ఉద్యోగం; ఆ చెయ్యే ఇక్కడా పనిచేసిందని నన్ను నేను సమాధానపరచుకోబోతాను గాని, బొట్ల దాకా వచ్చినప్పుడు అవి బొట్లని నాకు తెలుసు. తెలిసే రుద్దాను. గరుకు కాగితం ఎర్రబడింది.

తర్వాత పసుపు కుంకుమ తెచ్చి నేనే పెట్టబోయాను. వేలు ముంచాను కూడా. ఎన్ని జంటలో గుర్తు రాలేదు. చెయ్యి కడుక్కుని పాలిష్ వేసేశాను.

పెళ్లి మా వాకిట్లోనే. సారె సామాను పందిట్లో అందరికీ కనబడేలా పెట్టాం. లచ్చవ్వ ఆటో దిగడం చూశాను. అప్పుడే తాళం వేశాను.

ఆమె బీరువా చుట్టూ తిరిగింది. చేత్తో నిమిరింది. "ఓయమ్మో! నేను ముసల్దాన్నైతి, ఇది పడుచుదాయె!" అంది. ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. ఇంతలో నావైపు తిరిగింది.

"తలుపు తియ్యి కొడుకా."

"తాళంచెవి పిల్లగాని తరపోళ్ల దగ్గర ఉన్నదవ్వా."

"బొట్లు ఉన్నయి గద?"

"ఉన్నయి."

"ఒక్కటి గూడ పోలే?"

"పోలే అవ్వా."

ఆమె మొహం వెలిగింది. అంత నమ్మకంగా నవ్విన మనిషిని నేను మళ్లీ చూడలేదు. పెళ్లికూతురి గడ్డం పట్టుకుని, "బిడ్డా, లోపట నా బొట్లున్నయి. వాటి కింద జాగ గూడ ఉన్నది. నీ పెనిమిటి ఊరికి పోతె ఒకటి పెట్టు, అస్తె పక్కన ఇంకోటి పెట్టు. ఆలిశ్యం జేస్తె తాళమేసి బయటనే నిలవెట్టు!" అంది. మళ్లీ నవ్వులు. అల్లుడు సిగ్గుపడ్డాడు. మా బిడ్డ నావైపు చూసింది. నేను వడ్డన వైపు చూశాను. ఆ రోజు భోజనాలు బ్రహ్మాండంగా ఉన్నాయని అందరూ ఇప్పటికీ అంటారు. నిజమే. నేనూ రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

అల్లుడు మగ్గాల పని మీద భివండీ వెళ్లి వచ్చిన మొదటిసారి బిడ్డ నా ఫోన్‌కు ఫోటో పంపింది. మెరుస్తున్న తలుపు, దాని మీద ఒకే ఒక జంట బొట్లు. పైన, పాతవి ఉండాల్సిన చోట, ఏమీ లేదు. దాని గురించి ఒక్క మాట రాయలేదు. ఇప్పుడు అక్కడ చాలా జంటలున్నాయి. పండక్కి వెళ్లినప్పుడల్లా చూస్తాను. చూస్తే నాకు సంతోషంగానే ఉంటుంది, అదే వింత. పాతవి ఏమయ్యాయని బిడ్డ నన్ను ఎన్నడూ అడగలేదు. దానికి తెలుసా? తెలిసే నన్ను కాపాడుతోందా?

ఇది రాసినంత మాత్రాన తప్పు పోదు. అయినా ఇక్కడిదాకా రాశాక ఊపిరి సాఫీగా ఆడుతోంది.

మొన్న కోరుట్ల కూరగాయల మార్కెట్లో లచ్చవ్వ కనిపించింది. పిల్ల బొట్లు పెడుతున్నదా అని అడిగింది. పెడుతున్నదన్నాను. ఒకసారి పోయి కండ్లార చూసొస్తానని సిరిసిల్ల ఇల్లు ఎక్కడో అడిగింది. చెప్పాను. ఎప్పుడు వెళ్తుందో నాకు తెలియదు. బిడ్డకు నేనింకా ఫోన్ చెయ్యలేదు.