ఎక్కే రాయి లేని దారి

విత్తనాల కోసం వరంగల్లు వచ్చిన ఒక మనిషి హనుమకొండలో మా అద్దె ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, గడప బయటే నిలబడి మా మేనత్త మాట చెప్పాడు.

"పెద్దమ్మకు పానం మంచిగ లేదు దొరా. మంచం దిగుతలేదు. మిమ్ముల ఒక్కసారి సూడాలంటాంది."

తెలంగాణ ఆంధ్రతో కలిసిన నాలుగో ఏడో, అయిదో ఏడో, ఆషాఢ మాసం. మా అమ్మ నా నాలుగో ఏట పోతే, నాన్నగారి అక్క అత్తవారింటి నుంచి వచ్చి నన్ను పెంచింది. జాగీరు పోయి, కోటలాంటి మా గడి తలుపులు మూసి మేము హనుమకొండ చేరినప్పుడు ఆమె మాతో రాలేదు. మరిది ఇంటికి తిరిగి వెళ్లిపోయింది. ఆ ఊరు నెక్కొండ స్టేషనుకు ఆరు కోసులు, అంటే పన్నెండు మైళ్లు, తొర్రూరు వైపు. సొంత బండి లేకుండా ఒకరి వాకిట్లో దిగడం ఇష్టం లేక నేను ఆరేళ్లుగా వెళ్లలేదు. నన్ను చిన్నోడా అని పిలిచే మనిషి భూమి మీద ఆమె ఒక్కతే మిగిలింది.

మర్నాడు ఉదయం ఏడున్నరకు వరంగల్లులో బెజవాడ వైపు పోయే పాసింజరు ఎక్కాను. మూడో తరగతి. వానలు మొదలైతే ఆ దారిలో బస్సు నడవదనీ, నెక్కొండలో మాకు తెలిసిన ఒక సేటు దగ్గర సవారీ గుర్రం ఉందనీ తెలుసు గనుక నాన్నగారి బూట్లు తొడుక్కున్నాను. మోకాలి దాకా వచ్చే తోలు బూట్లు. పెట్టె నిండా జనం. ఎదురుగా ఇత్తడి బిందెల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ ఆ బూట్లను స్టేషను దాటేదాకా చూసి, ఇక ఆగలేకపోయింది.

"ఏం కొడుకా, బూట్లు తొడిగినవ్ మరి గుర్రమేది? పెట్టె కింద కట్టేసినవా?"

అందరూ నవ్వారు. ఆమె భర్త, వరంగల్లు చౌరస్తాలో గిన్నెల దుకాణం వాడట, సర్దబోయాడు.

"దానికి నోరాగది, ఏమనుకోకుండ్రి సార్. ఎందాక?"

"నెక్కొండ."

"గుర్రం ఆడుంటదా?"

"ఉంటుంది."

"గట్లయితే మా ఆమె అన్నదాంట్ల తప్పేం లేదు. మీ ఒక్కలకే టికెట్టు తీసిండ్రన్నట్టు."

మళ్లీ నవ్వారు. నేను కిటికీ వైపు తిరిగాను. మబ్బు పట్టి ఉంది. చెరువులు ఎర్రటి నీటితో నిండుతున్నాయి. తొమ్మిది దాటాక నెక్కొండలో దిగి, స్టేషను బయట రెండు ఇడ్లీలు తిన్నాను. రుచి లేదు గాని వేడిగా ఉన్నాయి.

సేటు దుకాణం బజారు మధ్యలో ఉంది. వారం వారం ఊళ్లలో అంగళ్లకు వెళ్లడానికి అతను ఒక ఎర్రని ఆడగుర్రాన్ని పెంచుతున్నాడు. విషయం చెప్పగానే అడ్డు చెప్పలేదు.

"బస్సు బందయి వారమాయె దొరా. బండి పోదు, ఇరుసు దాక దిగవడ్తది. గుర్రాన్ని తీస్కపోండ్రి. నీళ్లంటే జర బెదురుతది, గంతే. తోడు మా మనిషిని పంపుతా."

"అవసరం లేదు," అన్నాను.

"ఎక్కుడు దిగుడుకు ఒక మనిషుంటే మంచిది."

"నేను పుట్టింది గుర్రాల మధ్య."

అది నిజమే. ఇంకొక నిజం కూడా ఉంది. మా గడి గుమ్మం ముందు మూడు మెట్లు చెక్కిన రాయి ఉండేది. దాని మీద నిలబడితే గుర్రం వీపు నడుము ఎత్తుకు వచ్చేది, కాలు ఇటు నుంచి అటు వేస్తే చాలు. పొలాల్లో, అడవిలో, రాయి లేని చోట ఒక మనిషి వంగేవాడు. ఆ పని ఒక ఇంటి వాళ్లది. నాన్నగారు ఆ వీపు మీద కాలు పెట్టి ఎక్కేవారు, తరువాత నేనూ అంతే. నేల మీద నుంచి గుర్రం ఎక్కవలసిన అవసరం మా ఇంట్లో ఎవరికీ రాలేదు. ఎలా ఎక్కుతారో ఎవరూ నేర్పలేదు. ఆ రోజు సేటు దుకాణం అరుగు ఎత్తుగా ఉంది. దాని మీద నుంచి ఎక్కి పదిన్నరకు బయలుదేరాను.

మొదటి రెండు కోసులు బాగానే సాగాయి. నడకలో ఆ జంతువు నెమ్మది. ఒక చిన్న ఊళ్లో పూరిపాక హోటలు ముందు ఆగాను. చాయ్ కాచే అతను కూర్చోమని నేల మీద గోనెసంచి దులిపి పరిచాడు. చుట్టూ చూశాను. అరుగు లేదు, బల్ల లేదు, బండరాయి కూడా లేదు.

"దిగుండ్రి దొరా, కాళ్లు సాపుకోండ్రి."

"తొందరలో ఉన్నాను."

గ్లాసు పైకి అందించాడు. జీను మీదే తాగి, రెండు అణాలు ఇవ్వబోతే, ఇప్పుడు నయా పైసలే నడుస్తున్నాయని అతను గుర్తు చేశాడు. పన్నెండు పైసలు ఇచ్చి కదిలాను. మేనత్త ఊరి పేరు చెప్పి దారి అడిగితే, వాగు దాటితే ఇక తిన్నని బాటేననీ, గుర్రం మీద రెండు గంటలకు మించి పట్టదనీ అన్నాడు.

వాగు దగ్గర గుర్రం ఆగిపోయింది. నీళ్లు లోతేమీ కాదు గాని వేగంగా పోతున్నాయి. మడమలతో పొడిచాను, అదిలించాను. అది వెనక్కి వెనక్కి నడిచి, చివరకు ముందు కాళ్లు పైకి లేపింది. దిగక తప్పలేదు. కళ్లెం పట్టుకుని ముందు నడిస్తే మారు మాట లేకుండా నా వెంట వచ్చింది. తొడల దాకా తడిశాను. బూట్ల నిండా నీళ్లు.

అవతలి ఒడ్డున కనుచూపు మేర దమ్ము చేసిన పొలాలు, మధ్యలో ఇసుక బాట. నిలబడడానికి జానెడు ఎత్తు లేదు. అప్పటికి మధ్యాహ్నం పన్నెండున్నర.

ఎడమ కాలు జీనుకు వేలాడే రికాబులో పెట్టాను. గుర్రం ముందుకు నడిచింది. ఒంటికాలి మీద దాని వెంట గెంతాను. రెండోసారి జీను రెండు చేతులా పట్టుకుని బలంగా పైకి లాక్కున్నాను. జీను నా మీదికే తిరిగి, గుర్రం పొట్ట కిందికి పోయింది. నేను వెల్లకిలా బురదలో పడ్డాను.

పక్క మడిలో ఆడవాళ్లు నాట్లు వేస్తున్నారు. ఒక్కసారిగా పాట ఆగింది.

"ఓ దొరా, గుర్రం అలిసినట్టున్నది, జర ఎత్తుకోరాదుండ్రి!"

"ఊకోవే, దొర నడుం చూసుకుంటాండు."

"నడుం వంగుతలేదే ఆయినకు, కట్టె తీరుగున్నది!"

లేచి జీను సర్దుతుంటే ఒడ్డు మీద నుంచి ఒక మనిషి పార భుజాన వేసుకుని వచ్చాడు. నలభై ఏళ్లు ఉంటాయి. ముందు గుర్రం పగ్గాలు పట్టుకుని దాని మెడ నిమిరాడు. తరువాత నా ముఖం వైపు చూశాడు.

"మీరు గడి దొర కొడుకు గాదుండ్రి?"

"అవును."

"మేం మీ ఊరోళ్లమే. ఈడ పొలం దొరికితే వచ్చినం. మీ నాయినకు వంగెటోడు మా నాయిన."

నేను అతని తండ్రిని గుర్తు పట్టాను. ముఖం కాదు, పేరూ కాదు. వెడల్పాటి వీపు, దాని మీద మడతపెట్టి వేసుకున్న గొంగడి.

"ఏడికి పోతాండ్రు?" అని అడిగాడు. మేనత్త సంగతి చెప్పాను.

"ఆ పెద్దమ్మనా? మా సిన్నప్పుడు పండుగకు అప్పాలిచ్చేది." పారను ఈ భుజం మీద నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "సూడుండ్రి. నేను మాత్రం వంగ. ఇంట్ల ఒట్టు పెట్టుకున్నం. గని చెయ్యిస్త. పాదం నా అరచేతుల పెట్టుండ్రి, ఒక్కపారి లేపుత. మా పోరలను బర్రె మీద గట్లనే ఎక్కిస్త."

పార పక్కన పెట్టి, కొంచెం కాళ్లు ఎడం చేసి, రెండు అరచేతులూ ఒకదానిలో ఒకటి పెట్టి చాచాడు. నాట్లు వేసే ఆడవాళ్లు అందరూ నడుములు ఎత్తి చూస్తున్నారు.

మనిషి వీపు మీద కాలు పెట్టడం నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన పని. మనిషి అరచేతిలో కాలు పెట్టి, అతని బలంతో, పదిమంది ముందర పసివాడిలా పైకి లేవడం తెలిసిన పని కాదు. మొదటిది అతను ఇవ్వనన్నాడు. రెండోది నేను తీసుకోలేకపోయాను.

"వద్దు. నడుస్తాను," అన్నాను.

"నాలుగు కోసులున్నది దొరా, బురద."

"నడుస్తాను."

"పెద్దమ్మ మంచంల ఉన్నదంటిరి గదా?"

పగ్గాలు చేతికి తీసుకున్నాను. అతను చేతులు దించి పార ఎత్తుకున్నాడు. "మీ ఇష్టం. పట్టింపు మంచిదే గని, టైము గూడ సూడాలె," అని మడిలోకి దిగాడు. వెనుక మళ్లీ పాట మొదలైంది.

దారిలో ఒకచోట చెరువుకట్ట, ఇంకొకచోట కూలిన మొండిగోడ కనిపించాయి. రెండు చోట్లా ప్రయత్నించాను. జీను పొట్ట కిందికి పోయినప్పటి నుంచి ఆ గుర్రం నన్ను నమ్మలేదు. కాలు ఎత్తగానే గిరుక్కున తిరిగేది. పట్టుకోవడానికి రెండో మనిషి లేడు. తడిసిన తోలు మడమలు కోసింది. ఒక కోసు తరువాత నేను నడుస్తున్నానా, గుర్రమే నన్ను నడిపిస్తున్నదా తెలియలేదు. వాన రాలేదు గాని మబ్బు చింతచెట్ల మీదికి దిగింది. ఎదురైన వాళ్లంతా ఒకటే అడిగారు, గుర్రానికి కాలు బాగా లేదా అని. బాగా లేదనే చెప్పాను.

సాయంత్రం అయిదు దాటాక ఊరి పొలిమేర చేరాను. కొందరు మగవాళ్లు తడిబట్టలతో, తలలు వంచుకుని ఊళ్లోకి వెళ్తున్నారు. అందరికన్నా వెనుక మేనత్త మరిది కర్ర ఊతంగా నడుస్తున్నాడు. ఎవరినీ ఏమీ అడగవలసిన పని లేకపోయింది.

ఆయనే నన్ను చూసి ఆగాడు.

"ఇప్పుడొస్తివా బిడ్డా," అన్నాడు. "పొద్దటి సంది తెలివి మీదనే ఉండె. మూడు గంటలప్పుడు నీళ్లడిగింది, తాగింది, పోయింది. నీ కోసం జర సేపు సూసినం. మబ్బు దిగవట్టె, కట్టెలు తడుస్తయని లేపినం."

ఇంటి ముందు వేపచెట్టుకు గుర్రాన్ని కట్టి, బావి దగ్గర స్నానం చేశాను. ఆయన కోడలు పొడి ధోవతి తెచ్చి ఇచ్చింది. నిలబడి ఏదో చెప్పాలా వద్దా అని తటపటాయించి, చెప్పింది.

"మూడు నాలుగుసార్లు అడిగిందండి, చిన్నోడు వచ్చిండా అని. రాలేదంటే, ఆమె మిమ్ములను ఒక్క మాట అననియ్యలేదు. 'వాడు నడిచి వచ్చెటోడు గాదే, బండి దొరకక ఆగి ఉంటడు' అన్నది."

ఆ రాత్రి వాళ్లు అన్నం పెట్టారు, తిన్నాను. మూడో రోజు దాకా ఉండమన్నారు. గుర్రం అప్పగించాలని చెప్పాను.

తెల్లవారి ఆరింటికి శ్మశానం వైపు వెళ్లి, ఇంకా పొగ వస్తున్న బూడిద ముందు కొంతసేపు నిలబడి, తిరుగు బాట పట్టాను. మేనత్త మరిది ఎవరినో కేకేసి, గుర్రం ఎక్కడానికి నులకమంచం తెప్పించబోయాడు. అవసరం లేదని నడిపించుకుంటూనే ఊరు దాటాను.

ఊరు కనబడకుండా పోయాక, మనిషి జాడ లేని చోట ఆగాను. జీను పట్టీ వదులై ఉంది. బిగించాను. గుర్రం పొట్ట ఉబ్బించుకుందని తోచి, కొంచెం దూరం నడిపించి మళ్లీ బిగించాను. ఎడమ రికాబు తోలుపట్టీని రెండు రంధ్రాలు కిందికి దించాను. ఈసారి జీనును పట్టుకోలేదు. పగ్గాలతో కలిపి జూలు పిడికిట పట్టాను. గుర్రం తోక వైపు ముఖం పెట్టి నిలబడి, కాలు రికాబులో పెట్టి, కుడికాలితో నేలను తన్ని గెంతాను. మొదటిసారి పొట్ట మీద పడి జారాను. చూసేవాళ్లు ఎవరూ లేరు. రెండోసారి కాలు అవతలికి పోయింది. ఆ దారిలో గుర్రం మీద పోయేవాళ్లెవరైనా ఉంటే వాళ్లకు నేను ఇంతకన్నా చెప్పవలసింది లేదు. బలం అక్కర లేదు, ఎవరి వీపూ అక్కర లేదు.

మేనత్త పోయిన మర్నాడు నాకు గుర్రం ఎక్కడం వచ్చింది.

ఎక్కాక ఏం చేయాలో తోచలేదు. తొందర లేదు. పగ్గాలు వదులుగా వదిలేస్తే అది తనకు తోచిన నడక నడిచింది. వాగులో నీళ్లు రాత్రికి తగ్గిపోయాయి, బెదరకుండా దాటింది.

పదిన్నరకు సేటు దుకాణం ముందు దిగాను. అతను నా ముఖం చూసి, గుర్రాన్ని లోపలికి పంపి, చాయ్ తెప్పించాడు. మధ్యాహ్నం బండి గంట ఆలస్యంగా వచ్చింది. కూర్చోవడానికి చోటు లేక తలుపు దగ్గర నిలబడ్డాను. మడమల నెత్తురు మేజోళ్లకు అంటుకుని ఎండిపోయింది. పక్కన మూటల మీద కూర్చున్న ముసలాయన ఎందాక అని అడిగాడు. వరంగల్లు అన్నాను. "సొంతూరా?" అన్నాడు. "అద్దె ఇల్లు," అన్నాను.

ఇప్పుడు ఆ బాటకు కంకర పోశారట, వానాకాలంలో కూడా బస్సు నడుస్తోందట. నెక్కొండలో రైలు దిగితే గంటలో తీసుకుపోతుందని చెబుతున్నారు. వెళ్లదలచిన వారికి గుర్రంతో పని లేదు. నాకు ఆ ఊరితో పని లేదు. అక్కడికి రమ్మని కబురు చేసే మనిషి ఇక లేదు.