మిలిటరీ మేష్టారు రాసిన చివరి ఉత్తరం

నేను పుట్టానన్న కబురు విని మా నాన్న ఏమన్నాడో తెలుసుకోవాలని చేసిన ప్రయాణం ఇది. ఇప్పుడు నాకు ముప్ఫై తొమ్మిదేళ్ళు. రెండో ప్రపంచ యుద్ధానికి నాన్న ఇటలీ వెళ్ళేనాటికి నేనింకా అమ్మ కడుపులో ఉన్నాను. ఆయన తిరిగి రాలేదు. చదువురాని మనిషి కాబట్టి ఉత్తరాలన్నీ తోటి సిపాయి చేత రాయించేవాడు. ఆయన పోయినట్టు తంతి వచ్చిన కొన్నాళ్ళకి చివరి ఉత్తరం చేరింది. యుద్ధం రోజులు కదా, ఆలస్యమైందని సరిపెట్టుకున్నారు. "పాపకి సుగుణ అని పేరు పెట్టు" అని ఉంది అందులో. ఆ ఒక్క మాట పట్టుకుని అమ్మ బతుకంతా వెళ్ళదీసింది. ఆ సిపాయి వత్సవాయి అవతల పల్లెలో ఉన్నాడనీ, ఆయనకి సాహస పతకం కూడా వచ్చిందనీ నందిగామలో ఉండే మా పిన్నికి ఈమధ్యే తెలిసింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు గనక మర్నాటికే నాకూ తెలిసింది.

బెజవాడలో ఆరింటి బస్సెక్కితే కంచికచర్ల, నందిగామ మీదుగా ఎనిమిదిన్నరకి జగ్గయ్యపేటలో దిగాను. టిక్కెట్టు ఏడు రూపాయల లోపే. బస్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ తింటూ ఆ సిపాయి గురించి అడిగాను.

"మిలిటరీ మేష్టారా? నాకు అఆలు దిద్దించింది ఆయనేనండి," అన్నాడు ఓనరు చట్నీ వేస్తూ. "యుద్ధం నుంచి రాగానే బళ్ళో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు. పతకం మాట మాత్రం ఎత్తకండి, కస్సుమంటారు."

తొమ్మిదిన్నరకి వత్సవాయి బస్సు దొరికింది. అక్కణ్ణుంచి పల్లెకి మూడు మైళ్ళు. పత్తికి వెళ్తున్న ట్రాక్టరువాళ్ళు ఎక్కించుకున్నారు, దుమ్ము ఉచితం.

చర్చి పక్కన పెంకుటింటి వసారాలో మేష్టారు వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. నాన్న పేరు చెప్పగానే ఆయన చేతులు ఆగిపోయాయి.

"శేషయ్య కూతురివా? సుగుణవి గదూ!"

నా పేరు ఆయనకి గుర్తుందని పొంగిపోయాను. అన్నం తింటేగానీ మాట్లాడనన్నారు. పప్పుచారుతో గబగబా తినేసి, ఇన్నేళ్ళుగా దాచుకున్నది అడిగేశాను.

"నేను పుట్టానని విని నాన్న ఏమన్నాడండీ?"

ఆయన నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు.

"మీ అమ్మ ఉత్తరం వచ్చేసరికి శేషయ్య పోయి నాలుగు రోజులమ్మా. ఏటి ఒడ్డున దెబ్బ తగిలింది. తూటాలు పడుతుంటే భుజాన వేసుకొచ్చా. దారిలోనే పోయాడు. దానికే పతకం ఇచ్చారు. ప్రాణంతో తెచ్చుంటే పెట్టుకునేవాణ్ణి."

"మరి నా పేరు?"

"ఏం పేరు పెట్టమంటారని మీ అమ్మ అడిగింది. జవాబు రాయకుండా ఉండలేకపోయా. నాకు కూతురు పుడితే పెట్టుకుందామనుకున్న పేరు రాసేశా. ఇది చెప్పాల్సొస్తుందనే మీ గడప తొక్కలేదు."

"మాకు నలుగురూ మగపిల్లలే," అంది ఆయన భార్య లోపల్నుంచి.

ముందు కోపం వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. నేను పుట్టానని కూడా తెలియకుండా నాన్న వెళ్ళిపోయాడు. ఆయన నన్ను తలుచుకున్నాడన్న ఊహ మీద నేను పెరిగాను. ఆ ఊహ పోయినా, ఆయన గొంతు వినాలన్న కోరిక మాత్రం పోలేదు, పోదు కూడా.

యుద్ధానికి వెళ్ళిన మీవాళ్ళ కబురు వెతుక్కుంటూ ఇటు వచ్చేవాళ్ళకి ఒక సూచన. వత్సవాయి నుంచి జగ్గయ్యపేటకి చివరి బస్సు ఐదున్నరకి, పల్లెలో నాలుగింటికే బయల్దేరండి. నేనూ నాలుగింటికే లేచాను. మేష్టారు వీధి చివరిదాకా వచ్చారు.

"రాశానే గానీ, ఆ పేరుతో ఎవర్నీ పిలవలేదమ్మా. ఒక్కసారి పిలవనా?"

పిలిచారు. ఆ బస్సు నాకు అందలేదు.