నా ఫ్లాటుకి నేనే మేనేజర్ని

ఇల్లు కొని అద్దెకిద్దామనుకునే కొత్తవాళ్లకు సలహాలిచ్చేవాళ్లు హైదరాబాద్ నిండా ఉన్నారు. ఏం చేయాలో వాళ్లు చెబుతారు. ఏం చేస్తే సొంత ఫ్లాటులో జీతగాడి స్థాయికి దిగజారవచ్చో చెప్పగలిగినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. వినేముందు చాయ్ గ్లాసు పక్కన పెట్టండి, ఒలికిపోతుంది.

అప్పుడు మేం పంజాగుట్టలో అద్దెకుండేవాళ్లం. బ్యాంకు లోనుతో అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక సందులో రెండు పడగ్గదుల పాత ఫ్లాటు కొన్నాను. అద్దె వస్తేనే వాయిదా కట్టగలను, రాకపోతే పస్తులే. అయినా ఏం సంబరం! తాళంచెవి జేబులో వేసుకుని, పని లేకపోయినా రోజూ ఆ మెట్లెక్కి దిగేవాణ్ణి. నా గోడ, నా గుమ్మం, నా చెమ్మ! నాదే అనుకుంటే ఆ చెమ్మ కూడా ముద్దొచ్చేది.

మా ఆఫీసులో సుధాకర్ అని ఒకడున్నాడు. వాడికి సొంతిల్లు లేదు గానీ, ఇళ్ల గురించి తెలియని సంగతి లేదు.

"ఒరేయ్ మూర్తీ, ఓనర్నని మాత్రం చెప్పకు. అసలే మెత్తటివాడివి, నెత్తికెక్కి కూర్చుంటారు. మేనేజర్నని చెప్పు. ఏమడిగినా 'ఓనర్ గారిని అడిగి చెబుతా' అను. లేని మనిషితో ఎవడు బేరమాడతాడు?"

ఆహా, ఏం బుర్ర అనుకున్నాను.

టులెట్ బోర్డు కట్టిన వారానికి యాదగిరి వచ్చాడు. సందు చివరి టైలర్ షాపు ఆయనదే. గదులన్నీ తిరిగి చూశాడు.

"ఇల్లు మస్తుంది సార్. కిరాయి జర తగ్గియ్యున్రి. ఓనర్ మీరేనా?"

"అబ్బే, నేను మేనేజర్నండీ. ఓనర్ పరబ్రహ్మం గారు మాసబ్ ట్యాంక్‌లో ఉంటారు. మహా కోపిష్టి. ఉండండి, అడిగి చెబుతా."

బాల్కనీలోకి వెళ్లి, ఆపేసిన ఫోను చెవికి పెట్టుకుని, "సరేనండి... తప్పయిపోయిందండి... ఇంకెప్పుడూ అడగనండి" అంటూ వణికాను. తిరిగొచ్చేసరికి యాదగిరి జాలిగా చూస్తున్నాడు.

"తిట్టిండా సార్? పోనియ్యున్రి. అడిగినంతే ఇస్త."

గాల్లో తేలుతూ ఇంటికెళ్లి, మా ఆవిడ రాజ్యానికి ఆ సీను రెండుసార్లు నటించి చూపించాను.

"ఆయనకి నిజం తెలిస్తే ఏంటండీ?" అంది.

"ఎలా తెలుస్తుందే పిచ్చిదానా!" అన్నాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగితే నేను మూర్తినెందుకవుతాను! బాత్రూం కుళాయి కారుతోందంటే "పరబ్రహ్మం గారు ఒప్పుకోలేదు" అన్నాను. కిటికీలకు దోమల జాలీ కావాలంటే "పరబ్రహ్మం గారు కేకలేశారు" అన్నాను. అలా లేదన్న ప్రతిసారీ యాదగిరి నన్ను కూర్చోబెట్టి చాయ్ తాగించేవాడు.

"గింత పిసినారోన్ని నేనేడ చూడలె. ఎట్ల ఏగుతున్నరు సార్ ఆయనతోని?"

"నా ఖర్మ యాదగిరి గారూ! తనని కుట్టిన దోమని కూడా అద్దె అడిగే రకం."

నన్ను నేను తిట్టుకోవడంలో ఇంత హాయి ఉందని అప్పుడే తెలిసింది. తిట్టు ఘాటుగా ఉన్న రోజున చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కెట్లు కూడా వచ్చేవి.

ఒక నెల మొదట్లో అద్దె కోసం వెళితే చాయ్ రాలేదు.

"కిరాయి తయారున్నది సార్. గానీ ఓనర్ చేతికే ఇస్త. ఆదివారం భోజనానికి పిల్చుకొని రాన్రి, మొఖం మీదనే అడుగుత. ఆయన రాకుంటే గీ నెలనే ఖాళీ చేస్త."

బ్యాంకు వాయిదా ముంచుకొస్తోంది. ఇంత నమ్మకమైన మనిషి మళ్లీ దొరకడు. పరుగున వెళ్లి సుధాకర్‌ని పట్టుకున్నాను.

"నువ్వే పరబ్రహ్మం. వచ్చి, కోపంగా చూసి, అద్దె తీసుకుని బయటపడు. నోరు విప్పకు."

"చూడరా, ఎలా హడలగొడతానో!"

ఆదివారం సుధాకర్ జరీ అంచు పంచె, నల్ల కళ్లద్దాలతో దిగాడు. యాదగిరి శాలువా కప్పాడు. ఆయన భార్య బగారన్నం, మటన్ కూర వడ్డించింది. రెండో ముద్దకే సుధాకర్ కోపం కరిగిపోయింది.

"నల్లా కారుతున్నది సార్," అన్నాడు యాదగిరి.

"నల్లా ఏంటయ్యా, బాత్రూమే కొత్తది కట్టిస్తా!"

నేను బల్ల కింద వాడి కాలు తొక్కాను.

"దోమల జాలీ..."

"అన్ని కిటికీలకీ! రంగులు కూడా వేయిస్తా. మూడేళ్లు అద్దె పెంచను. మూర్తీ, విన్నావా?"

"చిత్తమండి," అన్నాను. మటన్ ముక్క గొంతుకు అడ్డం పడింది. వాడిది కాని ఫ్లాటు మీద వాడి దానగుణం చూస్తే ఒళ్లు మండిపోయింది.

అప్పుడు యాదగిరి చేతులు జోడించాడు. "ఆఖరిది సార్. గీ మూర్తి సారు మీ కోసం మస్తు తిరుగుతున్నరు. ఈయన జీతం సుత జర పెంచున్రి."

సుధాకర్ అద్దె డబ్బు జేబులో పెట్టుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు. "వీడి పని నాకంత నచ్చలేదు. ఆలోచిద్దాం."

మర్నాడు నేను తెగించాను. యాదగిరి ముందు నిలబడి, "ఓనర్ని నేనేనండీ! పరబ్రహ్మం లేడు, ఎవడూ లేడు. ఇదిగో, రిజిస్ట్రేషన్ కాగితాలు కూడా నా పేరనే ఉన్నాయి!" అని కక్కేశాను.

యాదగిరి కాగితాలు చూశాడు. అటూ ఇటూ చూసి తలుపు దగ్గరగా వేశాడు. "మెల్లగ సార్! పెద్దసారు మీ పేరు మీద బినామీ పెట్టిండా? ఫికర్ చేయకున్రి. నేనెవలికి చెప్ప."

బాత్రూం కట్టించాను. జాలీలు వేయించాను. రంగులు కొట్టించాను. నా డబ్బుతో అతికించిన ఆ టైల్స్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ ఫ్లాటు కొంటే, గుమ్మం దగ్గరికి వచ్చిన ప్రతి మనిషికీ, ఇల్లు చూడటానికి వచ్చినా, దారి అడగటానికి వచ్చినా, ముందుగా "ఓనర్ని నేనే" అని చెబుతాను.